ఏ హెచ్చరికా అందలేదు

జులై 24, 2025. గురువారం. జనగామ.

పదిహేను మంది జడ్జిలు. ఒక్కరు గూడ కాదనలే.

నిన్న సాయంత్రం మా సీనియర్ వకీలు శివప్రసాద్ సారు ఆఫీసుల కూసొని లాప్‌టాప్‌ల చూసినం. కింద సారు వాళ్ల అన్న హోల్‌సేల్ దుకాణంల మిర్చి బస్తాలు దించుతున్నరు. ఘాటు పైకొచ్చి ఇద్దరం తుమ్ముకుంటనే విన్నం. హేగ్‌ల ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానం అధ్యక్షుడు రెండు గంటలు ఆపకుండ చదివిండు. వాతావరణం పాడుగాకుండ చూసుడు దేశాల దయాదాక్షిణ్యం కాదట, చట్టబద్ధమైన బాధ్యతనట. తగిన జాగ్రత్త తీసుకోకపోతే అది తప్పు కిందికే వస్తదట. ఆపాలె, సరిదిద్దాలె, నష్టం జరిగిందని రుజువైతే పరిహారం ఇయ్యాలె. బొగ్గు, చమురు తవ్వనిచ్చుడు గూడ ఆ లెక్కలకు రావొచ్చట.

ఇదంత మొదలువెట్టింది పసిఫిక్ దీవుల లా స్టూడెంట్లట. సముద్రం వాళ్ల ఇండ్లల్లకు వస్తుంటే క్లాసుల కూసొని, మనం ప్రపంచాన్ని కోర్టుకు ఎట్ల పిలవాలె అనుకున్నరట.

సారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "ముప్పై ఏండ్ల నుంచి గట్టు తగాదాలు నడుపుతున్న శారదా. నా గట్టు తెగి నీ పొలం మునిగితే నేను జవాబు చెప్పాలె. గింతే. గిప్పుడు గదే మాట దేశాలకు చెప్పిండ్రు."

"అమలు చేస్తరా సారూ?"

"సలహా గద, డిక్రీ కాదు. అయినా ఒకసారి రాసినంక రాయనట్టు చెయ్యలేరు."

నేను కాగితాలు సంచిల పెట్టుకొని ఇంటికొచ్చిన.

పొద్దున కీర్తి ఫోన్ చేసింది, హైదరాబాద్ నుంచి. వాతావరణ కేసుల మీద పనిచేసే వాళ్ల సంస్థ ఐదారు దేశాల నుంచి సాక్ష్యాలు తీసుకుంటున్నదట. వరదల, ఎండల నష్టపోయినోళ్లు చెప్తే ముగ్గురు రిటైర్డ్ జడ్జిలు వీడియోల అడిగి వింటరట. నిన్నటి అభిప్రాయాన్ని రేపు కోర్టుల్ల ఎట్ల వాడాలె, నష్టాన్ని ఎట్ల రుజువు చెయ్యాలె అని ఒక పత్రం తయారు చేస్తరట. "తెలంగాణ నుంచి మీ తండా అనుకున్నం శారద గారూ. మీరే లాయర్, లంబాడీ భాష గూడ మీదే" అన్నది.

మా తండా. మానుకోట, అంటే మహబూబాబాద్ దిక్కు, రాళ్లగుట్ట తండా. నలభై ఇండ్లు. పోయినేడు సెప్టెంబర్ ఒకటి, ఆదివారం, ఇంక తెల్లారకముందే వాగు ఊర్లకు వచ్చింది. ముగ్గురు పోయిండ్రు. అందుల ఒకరు రుక్కి. మా యాడి. కోర్టుల అమ్మ అంట, ఇంట్ల యాడి.

కీర్తి అడిగింది, ముందు రోజు మీ అమ్మతోటి మాట్లాడిండ్రా అని.

మాట్లాడిన అన్న. మామూలు మాటలే అన్న. తిన్నవా, వాన పడుతుందా. అంతే.

జులై 25.

అవును. మామూలు మాటలే.

ఆగస్టు 3. ఆదివారం. తండా.

పొద్దటి రైలుకు మానుకోటల దిగి ఆటోల వచ్చిన. బాపు గుమ్మంల కూసొని ఉన్నడు. వరద తర్వాత కట్టుకున్న ఒక్క అర్ర, పైన రేకులు. మోకాళ్లకు తువ్వాల చుట్టుకున్నడు. ఏడాదిల పదేండ్లు పెద్దగైండు.

గుట్ట మీది బడి దగ్గర అందరిని కూసోవెట్టి చెప్పిన. కళావతి చిన్నమ్మ ముందుగాల అడిగింది. ఆమెది మా పక్కిల్లు. వరద రోజు, నీళ్లు రాకముందే, మొగన్ని, అత్తను తీసుకొని రాత్రే ఈ బడికి ఎక్కింది. అందుకే బతికింది.

"ఆ కోర్టు ఏడుంటది బిడ్డా?"

"ఇది కోర్టు కాదు చిన్నమ్మ. పెద్ద జడ్జిలు వింటరు. వాళ్లు రాసింది కోర్టులల్ల పనికొస్తది."

"మన వాగుకు, వాళ్లకు ఏం సంబంధం?"

చెప్పిన. ఎక్కడెక్కడో కాల్చిన పొగ మొత్తం ఆకాశంల ఒక్కతాననే చేరుతదని, అది వేడెక్కి మేఘం ఎక్కువ నీళ్లు మోస్తదని, నెల రోజుల వాన ఒక్క రాత్రిల కురుస్తదని. ఇంతకుముందు పక్క దేశం పొగ మన దేశంల పడితేనే చట్టం మాట్లాడేదని, ఇప్పుడు ఏ పొగ ఎవరిదని చెప్పలేకపోయినా అందరు జవాబు చెప్పాలె అంటున్నరని.

కళావతి చిన్నమ్మ వాగు దిక్కు చూసింది. "గంత దూరపోళ్లా," అన్నది. "నేను మా ఇంటి దేవునికే తప్పు జరిగిందనుకున్న."

ఏడుగురు ఒప్పుకున్నరు. బాపు గూడ. నేను చెట్టు కింద కూసొని ఒక్కొక్కరి సాక్ష్యం రాసిన. అందరి కాగితంల పెట్టేటట్టు మొదటి పేరా ఒక్కటే రాసిన: "వరద వస్తుందని మాకు ఏ హెచ్చరికా అందలేదు."

కళావతి చిన్నమ్మకు చదివి వినిపిస్తే ఆగింది. "రుక్కక్క ఫోన్ మోగింది గద ఆ రోజు పొద్దుగూకంగ? ఏదో వచ్చిందన్నది. గది చెప్పాల్నా?"

"అవసరం లే చిన్నమ్మ. అడిగినదానికే చెప్పు."

సరే అన్నది.

ఆగస్టు 5.

కళావతి చిన్నమ్మ తప్పు గుర్తు పెట్టుకున్నదేమో. ఏడాది కావస్తున్నది.

ఆగస్టు 10. ఆదివారం. భూపాలపల్లి.

తమ్ముని దగ్గరికి పోయిన. బస్సు రేగొండ దాటినంక రోడ్డు పక్క ఆకులన్ని బొగ్గు దుమ్ముకు నల్లగ. హరిలాల్ ఓపెన్‌కాస్ట్‌ల కాంట్రాక్టు కింద బొగ్గు మోసే డంపర్ తోల్తడు. డిగ్రీ సగంల ఆపిండు. నన్ను లా చదివిపియ్యాలంటే ఒక్కరే చదవగలుగుతరన్నడు అప్పుడు బాపు. ఆ మాట హరిలాల్ ఎన్నడు ఎత్తడు.

షిఫ్ట్ అయినంక వచ్చిండు. మొహం కడుక్కున్నా కండ్ల చుట్టు కాటుక పెట్టినట్టే ఉంది. సాక్ష్యం కాగితాలు ఇస్తే మొత్తం చదివిండు.

"బొగ్గు తవ్వనిచ్చుడు తప్పు అన్నరా?"

"తప్పు కావొచ్చు అన్నరు. దేశాలను అన్నరు. నిన్ను కాదు."

"తవ్వేది దేశమా అక్కా? నేనే గద." నవ్విండు, నవ్వు కాదు అది. "నేను మోసిన బొగ్గు పొగై, వానై, యాడిని తీస్కపోయిందంటవ్."

"గట్లెందుకంట?"

"నువ్వు రాసినదానికి అర్థం గదే. మరి గని మూస్తే నాకేం పని చూపిస్తరో గది రాసినవా? లే. మీ చదువుకున్నోళ్లు సగమే రాస్తరు."

చాయ్ తెచ్చిండు. తాగినంక మెల్లగ అన్నడు, "యాడి సిమ్ కార్డు నా దగ్గరనే ఉంది. ఫోన్ దొరికినప్పుడు తీసి పెట్టుకున్న. ఆ రోజు ఎవరెవరితోటి మాట్లాడిందో కంపెనీల లిస్టు తీపిస్త. సాక్ష్యానికి పనికొస్తదా?"

"వద్దు," అన్న.

"ఎందుకు?"

"అవసరం లే."

నన్ను చూసిండు. బస్సు ఎక్కిచ్చి పోయిండు.

ఆగస్టు 11. సోమవారం. జనగామ.

కోర్టుకు పోలే. జ్వరమని ఫోన్ చేసిన. జ్వరం లేదు.

జులై 24న రాసింది అబద్ధం. నాకోసం రాసుకునే పుస్తకంల గూడ అబద్ధం రాసిన. ఎవరు చూస్తరని?

వరదకు ముందు దినం, శనివారం, జనగామ బార్ అసోసియేషన్ హాల్ల ఒక జడ్జి గారికి వీడ్కోలు విందు. ప్లేటుల బగార అన్నం పట్టుకొని నిలబడ్డ. జడ్జి గారు నా వాదన గురించి శివప్రసాద్ సారుతోటి మంచిగ చెప్తున్నడు. యాడి ఫోన్ వచ్చింది. ఏడు దాటింది. భుజానికి, చెవికి నడుమ పెట్టుకొని మాట్లాడిన.

"బిడ్డా, నా ఫోన్‌ల ఏదో వచ్చింది. పెద్దగ మోగింది. ఇంగ్లీషుల ఉందట. ఈడ ఎవరికి చదువ రాలే. నీకు గూడ వచ్చిందా?"

నాకు గూడ వచ్చింది. నేను చదివిన. అతి భారీ వర్షం, లోతట్టు ప్రాంతాల ప్రజలు వెంటనే ఎత్తైన చోటుకు పోవాలె. చదివి ఫోన్ సంచిల వేసిన.

"గవి అందరికి వస్తయి యాడి. వానకాలంల ఊకె పంపుతరు."

"వాగు సప్పుడు ఎన్నడు లేనట్టు ఉంది. కళావతోళ్లు బడికి పోతున్నరు. మేం గూడ పోదామా?"

"ఈ వానల బాపు ఆ మోకాళ్లతోటి గుట్ట ఎక్కుతడా? జారిపడితే దవాఖానకు ఎట్ల తీస్కపోతరు? ఇంట్లనే ఉండుండ్రి. ఏం కాదు."

"సరే బిడ్డా. నువ్వు తిన్నవా?"

"తింటున్న."

నిమిషం యాభై రెండు సెకన్లు. నా ఫోన్‌ల ఆ కాల్ ఇంక ఉంది. తీసెయ్యలే.

తెల్లారకముందే నీళ్లు వచ్చినయి. బాపు వాసం పట్టుకున్నడు. యాడి చెయ్యి పట్టుకున్నడు. రెండు దినాల తర్వాత మూడు కిలోమీటర్ల కింద తాటితోపుల దొరికింది.

రాసిన. గిది నిజం.

ఆగస్టు 15.

బడిల జెండా పాట వినిపిస్తున్నది. ఏం రాయాల్నో తెలుస్తలే.

ఆగస్టు 20. బుధవారం.

శివప్రసాద్ సారు నేను తర్జుమా చేసిన పేజీలు చూసిండు. హేగ్ అభిప్రాయంల "డ్యూ డిలిజెన్స్" అనే మాటకు తగిన జాగ్రత్త అని రాసి, చాలదనిపించి ఏడుసార్లు కొట్టేసి ఉంది.

"గింత కష్టమేంది?" అన్నడు. "ప్రమాదం తెలిసినోడు, ఆపే శక్తి ఉన్నోడు, చెయ్యాల్సింది చేసిండా లేదా? గంతే గద. ఎక్కువ శక్తి ఉన్నోనికి ఎక్కువ బాధ్యత. ఫలితం ఎట్లొచ్చిందనేది తర్వాత."

నేను కాగితం మీదికి వంగిన. ప్రమాదం తెలిసినోడు. శక్తి ఉన్నోడు.

"సారూ, ఒక వకీలుకు సాక్షి వదిలేసిన సంగతి తెలిస్తే?"

"ఏ సంగతి?"

"ఊకె అడుగుతున్న."

సారు కాగితాలు పక్కకు పెట్టిండు. "నిన్ను ఒకటి అడుగుతా. మీ నాయిన సాక్ష్యానికి నువ్వే దుబాసీగ ఉంటవా? బిడ్డ తండ్రికి దుబాసీ కావొద్దు శారదా. ఎవరినన్న చూడు."

"మా భాష, ఇంగ్లీషు రెండు వచ్చినోళ్లు ఇంకెవరున్నరు సారూ?"

అది గూడ సగమే నిజం. కీర్తి వేరే పిల్లను చూస్తనన్నది. నేనే వద్దన్న. వేరే మనిషి ఉంటే బాపు నోట్ల నుంచి ఏమొస్తదో నా చేతిల ఉండదు.

ఆగస్టు 31. ఆదివారం. తండా.

పోయినోళ్లకు రేపటికి ఏడాది, ఆదివారమని ఇయ్యాలనే పేర్ల దినం చేసినం. హరిలాల్ వచ్చిండు, పోయిండు. సిమ్ సంగతి మళ్ల ఎత్తలే. బాపు అన్నం ముద్ద పెట్టి చానాసేపు చెయ్యి తియ్యలే.

బాపును అడుగుదామనుకున్న, ఆ రోజు ఫోన్‌ల నేనేమన్ననో నీకు తెలుసా అని. అడగలే. యాడికి మూలకు కూసొని ఫోన్ మాట్లాడే అలవాటు. బాపుకు చెవులు సక్కగ వినపడవు. తెల్వదు.

తెల్వదు.

సెప్టెంబర్ 6. శనివారం. మానుకోట.

ఇప్పుడే రాయాలె. రేపు రాస్తే మళ్ల ఏదన్న మారుస్త.

ఒక ప్రైవేటు స్కూల్ల కంప్యూటర్ రూం అడిగి తీసుకున్నది కీర్తి. బడి విడిచినంక, మధ్యాహ్నం. గోడ మీద ముగ్గురు జడ్జిల మొహాలు. నడుమ ఉన్నామె పసిఫిక్ దీవి ఆమె, తెల్ల వెంట్రుకలు, మెల్లగ మాట్లాడుతది. తండా వాళ్లంత చిన్నపిల్లల బెంచీల మీద ఇరుకిరుకుగ కూసున్నరు.

కళావతి చిన్నమ్మ చెప్పింది. వాగు సప్పుడు విని ఎక్కినమని చెప్పింది. ఫోన్ మాట ఎత్తలే. నేను తర్జుమా చేసిన.

తర్వాత బాపు. నిలబడతనన్నడు, కూసోమన్నరు. ఇల్లు, ఎడ్లు, యాడి చెయ్యి జారినప్పటి సంగతి చెప్పిండు. చెయ్యి ఎట్ల జారిందో తన చెయ్యే పట్టుకొని చూపించిండు. ఆ దీవి జడ్జి కండ్లు తుడుచుకున్నది. నేను మాట తప్పకుండ చెప్పిన. వకీలు గొంతుతోటి చెప్పిన.

పక్కన ఉన్న జడ్జి అడిగిండు, ముందు రోజు ఏదన్న హెచ్చరిక వచ్చిందా?

"రాలే," అన్నడు బాపు.

తర్జుమా చేసిన.

ఆ జడ్జి కాగితం చూసి అన్నడు: "మా దగ్గరున్న రికార్డు ప్రకారం సాయంత్రం ఆరు నలభైకి ఆ ప్రాంతం ఫోన్లకు సందేశం చేరింది. మీ ఇంట్ల ఫోన్ ఉందా?"

బాపు నన్ను చూసిండు. మా భాషల, నాతోటి కాదు, గోడతోటి చెప్పినట్టు చెప్పిండు: "ఫోన్ ఉండె. ఖరాబైంది. ఏం మోగలే. ఎవ్వరితోటి మాట్లాడలే. మా బిడ్డ జనగామల వకీలు. దానికి ఫోన్ కలిసి ఉంటే గుట్ట ఎక్కుండ్రి అనేది. కలవలే. మా బిడ్డతోటి మాట్లాడలే."

ఎవరు అడగలే నా గురించి. ఎవరు అడగలే.

నేను చేతిల ఉన్న పెన్ను కింద పెట్టిన.

బాపుకు తెలుసు. మొదటి నుంచి తెలుసు. యాడి పక్కనే కూసొని విన్నడు. ఏడాది నుంచి నా ముందర అన్నం తిన్నడు, నన్ను స్టేషన్ దాకా సాగనంపిండు, ఒక్క మాట అనలే. ఇప్పుడు ముగ్గురు జడ్జిల ముందర, నా కోసం, యాడి ఆఖరి ఫోన్ లేనేలేదంటున్నడు.

"ఇంటర్‌ప్రెటర్?" అన్నది దీవి జడ్జి.

కీర్తి నా భుజం తట్టింది. "శారద గారూ?"

ముందుగాల బాపు అన్నదంత ఉన్నదున్నట్టు ఇంగ్లీషుల చెప్పిన. దుబాసీ పని గదే గద. "మా బిడ్డతోటి మాట్లాడలే" అన్న ముక్క గూడ చెప్పిన. చెప్పి, కుర్చీల నుంచి లేచి, "నేను ఈ పని నుంచి తప్పుకుంటున్న. ఆ బిడ్డను నేనే" అన్న.

అటెంక బాపు దిక్కు తిరిగి మా భాషల చెప్పిన. విందు చెప్పిన, బగార అన్నం చెప్పిన, మెసేజ్ నాకు గూడ వచ్చిందని చెప్పిన, చదివి గూడ ఇంట్లనే ఉండమన్న అని చెప్పిన. కళావతి చిన్నమ్మను ఫోన్ సంగతి చెప్పొద్దన్నది గూడ నేనే అని చెప్పిన. తర్వాత ఇంగ్లీషుల మళ్ల మొత్తం చెప్పిన.



బాపు నా చెయ్యి పట్టి గుంజిండు. "కూసో బిడ్డా. ఎందుకు చెప్పినవ్? నేను సరిజేసిన గద."

కళావతి చిన్నమ్మ లేచింది. "నాతోటి గూడ దాపిస్తివి," అన్నది. "వకీలువని నమ్మితి." పైట సర్దుకొని బయటికి పోయింది. ఆమె వెనుక ఇంక ఇద్దరు.

జడ్జిలు సాక్ష్యం ఆపిండ్రు. మళ్ల చెప్తమన్నరు.

సెప్టెంబర్ 7. ఆదివారం. తండా.

బాపు పొద్దున నాకు చాయ్ పెట్టిండు. ఆయన పెట్టిన చాయ్ నేను పుట్టినప్పటి నుంచి తాగలే.

"ఫోన్ చెయ్యమన్నది నేనే," అన్నడు. "మీ యాడి ఎక్కుదామన్నది. నాకు మోకాళ్లు నొస్తున్నయి. బిడ్డను అడుగు, చదువుకున్నది, అది పొమ్మంటే పోదాం అన్న. నువ్వు వద్దన్నవ్. నాకు పానం నిమ్మలమైంది."

"బాపూ..."

"నేను సంబురపడ్డ బిడ్డా. ఎక్కే బాధ తప్పిందని సంబురపడ్డ."



సెప్టెంబర్ 9.

హరిలాల్‌కు ఎవరో చెప్పిండ్రు. ఇరవై ఒక్క సార్లు ఫోన్ చేసిన. ఎత్తలే.

సెప్టెంబర్ 11.

ఈ వారం కోర్టుల మూడు కేసులు వాయిదా అడిగిన. శివప్రసాద్ సారు నా టేబుల్ మీద బత్తాయి రసం గ్లాసు పెట్టి పోయిండు.

సెప్టెంబర్ 14. ఆదివారం. భూపాలపల్లి.

గని గేటు బయట రెండు గంటలు నిలబడ్డ. షిఫ్ట్ విడిచినంక హరిలాల్ వచ్చిండు. నన్ను చూసి ఆగిండు.

"తమ్మీ, నేను..."

"తెలుసు."

"తిట్టు నన్ను."

"నాకు ఎందుకు చెయ్యలే యాడి?" అన్నడు.

నాకు అర్థం కాలే.

"నాకు ఇంగ్లీషు రాదా? డిగ్రీ సెకండియర్ దాకా చదివిన. ఆ మెసేజ్ నేను చదవలేనా? ఆ దినం నేను రూంలనే ఉన్న. ఫోన్ చేతులనే ఉండె. నాకు చేస్తే పొమ్మనేటోన్ని. ఎత్తుకొని పొమ్మనేటోన్ని బాపును. నీకే చేసింది. ఎప్పుడన్న గంతే. ఏదన్న తెలుసుకోవాలంటే శారద. బొగ్గు తోలేటోనికి ఏం తెలుస్తది."

ఏడుస్తలేడు. హెల్మెట్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చిండు.

"నన్ను క్షమించమని అడుగుతలేను హరీ."

"అడగకు," అన్నడు. "నాతాన లేదు."

రోడ్డు దాటి పోయిండు. డంపర్లు పోతుంటే నడుమ దుమ్ముల కనపడలే.

సెప్టెంబర్ 18. గురువారం. జనగామ.

కీర్తి వచ్చింది, స్వయంగ. నన్ను తిడతదనుకున్న. సంచిల నుంచి కాగితం తీసింది.

తండా సాక్ష్యం తీసేస్తలేరట. హెచ్చరిక సంగతి అడిగిన జడ్జి తీసెయ్యాలన్నడట, అబద్ధం దొరికింది గనుక. దీవి జడ్జి ఒప్పుకోలేదట. తనకే నష్టమయ్యే మాట ఒప్పుకున్న సాక్షిని నమ్మకపోతే ఎవర్ని నమ్ముతమన్నదట. ముసాయిదాల ఒక కొత్త పేరా రాసిండ్రు. నేనే తెలుగు చేసుకున్న:

"హెచ్చరిక పంపినంత మాత్రాన రాజ్యం బాధ్యత తీరదు. ప్రమాదంల ఉన్న మనిషికి అది అర్థమయ్యే భాషల అందాలె. ముసలోళ్లు, నడవలేనోళ్లు కదిలే ఏర్పాటు ఉండాలె. ఆ రెండు లేని హెచ్చరికను తగిన జాగ్రత్తగ లెక్కించరాదు."

"మీరు చెప్పకపోతే ఈ పేరా లేదు," అన్నది కీర్తి. "హెచ్చరిక రాలేదన్న సాక్ష్యం అయితే ఒక్క రికార్డుతోటి కొట్టుకపోయేది."

నాకు సంతోషం కాలే. గిట్లనా చట్టం ఎదిగేది? ఒక దీవి మునిగితే ఒక వాక్యం, మా యాడి పోతే ఒక పేరా?

"ఇప్పుడు ఏం చెయ్యాలె?"

"సరిచేసిన సాక్ష్యం మీద ఏడుగురు మళ్ల సంతకం పెట్టాలె. మీరు వకీలుగ ఉండరు, దుబాసీగ ఉండరు. సాక్షిగ ఉంటరు. కాగితాన్ని ఇంకొకరు వాళ్ల భాషల చదివి వినిపియ్యాలె. చదివినోళ్లు ఒక్క మాట వదలలేదని రాసియ్యాలె." కొంచెం ఆగి అన్నది, "మీ తమ్ముడు సాక్షి కాదు గద? రాసింది చదువుడే గనుక ఇంటోళ్లయినా నడుస్తది."

సెప్టెంబర్ 20.

హరిలాల్‌కు కాగితాలు కొరియర్ చేసిన. చీటీ రాసి పెట్టలే. ఏం రాసినా అడుక్కున్నట్టే ఉంటది.

సెప్టెంబర్ 24.

జవాబు లేదు. కీర్తి వరంగల్ల ఇంకో పిల్లను మాట్లాడి పెట్టింది. మంచిదే.

సెప్టెంబర్ 28. ఆదివారం. తండా.

బడి వరండాల కూసున్నం, కీర్తి గూడ. కళావతి చిన్నమ్మ వచ్చింది, నాకు దూరంగ కూసున్నది. వరంగల్ పిల్ల కోసం చూస్తున్నం. పదిన్నరకు మోటర్‌సైకిల్ వచ్చింది. హరిలాల్. నైట్ షిఫ్ట్ నుంచి నేరుగ వచ్చినట్టుంది, బట్టలు గూడ మార్చలే. నేను పంపిన కవర్ షర్టు లోపల నుంచి తీసిండు. ఎవరిని పలకరియ్యలే. నిలబడే మొదలువెట్టిండు.

ఒక్కొక్క పేరా తెలుగుల చదువుడు, మా భాషల చెప్పుడు. హేగ్ అభిప్రాయం గురించి నేను రాసుకున్న ఉపోద్ఘాతం నేను చెప్పినదానికన్న అతడే మంచిగ చెప్పిండు. "మన గట్టు తెగితే పక్కోనికి జవాబు చెప్తం గద, గిప్పుడు దేశాలన్ని ఒకదానికొకటి పక్కోళ్లే" అన్నడు. ముసలోళ్లు తలలూపిండ్రు.

కళావతి చిన్నమ్మది చదివిండు. ఫోన్ మోగిన సంగతి ఈసారి ఉన్నది. బాపుది చదివిండు. బాపు తల దించుకొని విన్నడు.

తర్వాత నాది.

హరిలాల్ కాగితం చూసుకుంట ఆగిండు. నేను గచ్చు మీది పగులునే చూస్తున్న. ఇక్కడ మడిచి పెట్టి పోతడనుకున్న. పోయినా తప్పులేదనుకున్న.

గొంతు సవరించుకొని చదివిండు. "సందేశం నాకు కూడా వచ్చింది. నేను చదివాను. అర్థమైంది. అయినా మా అమ్మను ఇంట్లనే ఉండమని చెప్పాను." మా భాషల చెప్పేటప్పుడు "అమ్మ" అన్నకాడ "యాడి" అన్నడు. గొంతు తగ్గియ్యలే. ఆఖరు బెంచీ దాకా వినపడేటట్టు, ఒక్క మాట మింగకుండ చెప్పిండు. "ఏం కాదు అన్నాను" అన్న ముక్క రెండుసార్లు చెప్పిండు, మొదటిసారి కింద పొలంల మోటర్ సప్పుడుల వినపడలేదేమో అని.

అంత అయినంక నా దిక్కు కాకుండ కీర్తి దిక్కు చూసి, "ఇందుల ఒక లైను తక్కువున్నది. రాసుకోవచ్చా?" అన్నడు. కీర్తి పెన్ను ఇచ్చింది. బోర్డు మీద రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలల్ల రాసిండు: "బొగ్గు ఆపాలె అనేటోళ్లు, బొగ్గు మీద బతికేటోళ్లకు ఏం పని చూపిస్తరో గూడ అందులనే రాయాలె. లేకుంటే అది సగం న్యాయం."

"బాగుంది," అన్నది కీర్తి. "ఇది కూడా పోతది వాళ్లకు."

హరిలాల్ తన సంతకం పెట్టిండు, ఒక్క మాట వదలలేదని. బాపు దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నడు. నాకు వినపడలే. నా ముందు నుంచే నడిచి బండి దగ్గరికి పోయిండు. నా దిక్కు చూడలే. రాత్రికి మళ్ల షిఫ్ట్ ఉండె కావొచ్చు.

బండి వాగు బ్రిడ్జి దాటేదాక నిలబడి చూసిన.

వరుస మొదలైంది. ముందు బాపు వేలిముద్ర, తర్వాత మిగతావాళ్లు. వరుసల కళావతి చిన్నమ్మ నా ముందర నిలబడ్డది. ఇంకు డబ్బా తన పని అయినంక మూత పెట్టబోయి, పెట్టకుండ నా దిక్కు జరిపింది. నాకు సంతకం వస్తదని ఆమెకు తెల్వక కాదు.

వేలు ముంచిన. ఎనిమిదో సాక్షి, శారద, తండ్రి దేవ్యా, తల్లి కీర్తిశేషులు రుక్కి, రాళ్లగుట్ట తండా. అడ్వకేట్ అని రాసే జాగ ఖాళీగ వదిలిన.